పులుపు లేని తొక్కు

బ్యాగు నోరు తెరుచుకుని మంచం మీద ఉంది. నా కోడలు భాగ్య ఒక్కొక్కటే అందులో సర్దుతోంది, మడత విప్పని రెండు ప్యాంట్లు, మూడు లుంగీలు, తువ్వాలు, జ్వరం గోలీలు, సకినాల డబ్బా, పల్లికారం పొట్లం, ఒకటి పెట్టి రెండు తీసి, మళ్ళీ పెట్టి. నేను గోడకానుకుని బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. చేతులు తునికాకు కత్తిరిస్తున్నాయి, వాటికి నేను అక్కర్లేదు, యాభై ఏళ్ళ అలవాటు. నా మనవడు రంజిత్ ఇవాళ కువైట్ పోతున్నాడు. పదకొండింటికి కారు వస్తుంది, కోరుట్ల నుంచి వేములవాడ, సిరిసిల్ల మీదుగా హైదరాబాదు, రాత్రికి విమానం. గడియారంలో పది కావస్తోంది. ఒక్క గంట కూర్చుంటే అయిపోతుంది, ఏడవకుండా కూర్చోవాలి, వాడి ముందు కన్నీళ్ళు పెట్టకూడదు అని నాకు నేను చెప్పుకుంటుండగా భాగ్య వంటింట్లోకి పోయి రెండు చేతులతో పట్టుకుని ఒక గాజు సీసా తెచ్చింది. రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి, మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసి, దాని మీద టేపు నాలుగు చుట్లు వేసిన సీసా. లోపల ఎర్రటి నూనె మూతి దాకా ఉంది. ఒక్క గాలిబుడగ కూడా లేదు.

"ఏందది బిడ్డా?" అన్నాను.

"మటన్ తొక్కు అత్తమ్మా. నువ్వు ఎల్లంతకుంట పెండ్లికి పోయినప్పుడు పెట్టిన. వీనికి కడుపుల మంట గద, చింతపండు ఎయ్యలె, నిమ్మకాయ పిండలె. ఉప్పు సుత తక్కువనే. ముక్క మెత్తగుండాలని సగమే ఏంచిన, ఎల్లిగడ్డ దండిగ ఏసిన. మామకు నువ్వు గట్లనే పెట్టి పంపినవని ఓసారి చెప్తివి గద, గట్లనే."

కత్తెర నా వేలికి తగిలింది. నెత్తురు ఆకు మీద పడింది, ఆకు రంగులో కలిసిపోయింది, ఎవరూ చూడలేదు. గట్లనే. ఎప్పుడు చెప్పాను ఈ పిల్లకు, పెళ్ళయిన కొత్తలోనేమో, ఆయన తలపుకొచ్చి, ఆయన కడుపు గురించి, ఆయన పుల్లటివి తినలేడని, నేను ఎంత జాగ్రత్తగా పెట్టానో గొప్పగా చెప్పుకుని ఉంటాను, అప్పటికి నాకేమీ తెలియదు. తెలియని రోజుల్లో చెప్పిన మాట ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఇంట్లో ఎక్కడో మూల పడి ఉండి, సమయం చూసుకుని ఇప్పుడు మొలిచింది. మూసిన తొక్కులో లేచే ఆ విషపు పురుగు కూడా అట్లాగే ఉంటుందని మనవరాలి పుస్తకంలో ఉంది. పురుగు అనకూడదు, బ్యాక్టీరియా అనాలి అని మనవరాలు మనీషా నన్ను దిద్దుతుంది. క్లాస్ట్రీడియం బొట్యులినమ్. ఆ పేరును నేను కూడబలుక్కుని చదివాను, మొదట అక్షరం అక్షరం, తర్వాత ముక్క ముక్క, ఇప్పుడు నిద్రలో కూడా తడబడకుండా అంటాను, మొగుని పేరు పైకి అనని దాన్ని ఈ పేరు అంటాను. కాలం బాగాలేనప్పుడు అది తన చుట్టూ గట్టి గోడ కట్టుకుని లోపల పడుకుంటుంది. సిద్ధబీజం అంటారట. మట్టిలో పడుకుంటుంది, ఎల్లిగడ్డ వేళ్ళకు అంటిన మట్టిలో, మేక కాలికి అంటిన మట్టిలో, నేను ముప్పై ఏళ్ళు పసుపు తవ్విన చేన్ల మట్టిలో. నీళ్ళు సలసల కాగినా చావదు. ఏళ్ళకేళ్ళు ఉంటుంది. దానికి ఎండ వద్దు, గాలి వద్దు, పులుపు వద్దు, ఉప్పు వద్దు. గాలి ఆడని చోట, తడి ఉన్న చోట, పులుపు లేని చోట, కాస్త వెచ్చగా ఎవరైనా దాచిపెడితే చాలు, లేస్తుంది. దాచిపెట్టేది ఎవరు, మేమే. ప్రేమగా, కొవ్వొత్తి కరిగించి.

తీసెయ్ బిడ్డా అనాలి. నోరు తెరిచాను. ఎందుకు అత్తమ్మా అంటుంది. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి, మొదటి నుంచి చెబితే నా కొడుకు నారాయణ వింటాడు, వాడు వాకిట్లో ఫోనులో డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. మీ బాపును చంపింది నా చెయ్యి అని కొడుకుకు ఏ తల్లి చెబుతుంది? చెప్పకపోతే ఆ పచ్చడి సీసా కువైట్ పోతుంది. నోరు మూసుకున్నాను. సీసా తువ్వాల మడతల్లోకి పోయింది, పిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది భాగ్య, చుట్టూ లుంగీలు కుక్కింది పగలకుండా.

నలభై ఏళ్ళ కిందటి ఆ బ్యాగు నల్లటి రెగ్జిన్‌ది, జగిత్యాలలో కొన్నాడు ఆయన. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గంగారాం, నా భర్త, మస్కట్‌లో కట్టడం పని. అంతకుముందు మా వాడకట్టు నుంచి ఇద్దరే ఆ దేశాలకు పోయారు. వాళ్ళ తొక్కు సీసాలు దారిలో కారి బట్టలూ కాగితాలూ నూనె అయ్యాయని, వీసా కాగితం మీద మరక పడితే ముంబయిలోనే వెనక్కి పంపుతారని ఎవరో చెప్పారు. నూనె కారకూడదు. ఆ ఒక్కటే నా భయం. ఎంత చిన్న భయం. మూతకు మైనం పోసి, తడిగుడ్డతో అదిమి, దాని మీద చెప్పుల దుకాణం నుంచి తెచ్చిన రబ్బరు గట్టిగా చుట్టాను. అప్పటికే మా అత్త బ్యాగుకు పసుపు దారం కట్టేసింది. కట్టిన మూట గమ్యం చేరేదాకా విప్పకూడదు, విప్పితే పోయినవాడు తిరిగిరాడు, అది వాళ్ళ ఇంటి కట్టుబాటు. సీసా ఆరబెట్టి నేను వచ్చేసరికి బ్యాగు గడప దాటింది. నేను ఉరికి, ఆయన్ను ఆపి, దారం ముడి పళ్ళతో విప్పి సీసా లోపల పెట్టాను. అత్త నెత్తి కొట్టుకుంది. ఆయన నవ్వాడు. "గా దారంల ఏమున్నదే అవ్వా, తొక్కుల ఉన్నది బలం" అన్నాడు. నిజామాబాదు బస్సెక్కి కిటికీలోంచి నావైపు చూసి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, మంట లేదని సైగ చేశాడు. మనుషులు పోతూ పోతూ ఏవేవో సైగలు చేస్తారు. మిగిలినవాళ్ళం వాటిని ఏళ్ళ తరబడి నానబెట్టుకుంటాం.

ఆయన పోయాడని ముందు టెలిగ్రాం వచ్చింది. తర్వాత బ్యాగు వచ్చింది, నాలుగు చొక్కాలు, రేడియో, గడ్డం గీసుకునే సామాను. అన్నిటికన్నా ఆఖరున ఉత్తరం వచ్చింది, చనిపోయిన మనిషి ఉత్తరం, దసరా నాడు రాసింది. పోస్టుమాన్ అరుగు మీద కూర్చుని చదివాడు, నాకప్పుడు అక్షరం రాదు. దసరాకు సెలవిచ్చిండ్రు, తొక్కు సీసా ఇయ్యాల విప్పినం, మస్తు కుదిరింది, చంద్రమౌళి రొట్టెల్లోకి రెండుసార్లు ఏసుకున్నడు, మీ ఇంటామె చెయ్యి మంచి చెయ్యి అన్నడు. అక్కడి దాకా చదివి పోస్టుమాన్ కళ్ళు తుడుచుకున్నాడు. చంద్రమౌళి సిరిసిల్ల మనిషి, ఆయన గదిలోనే ఉండేవాడు, ఆయన పోయిన రెండు రోజులకు అతనూ పోయాడు. అక్కడి కాగితంలో గుండె ఆగి అని రాశారు. ఊరు మాత్రం తాగి అంది. గదిలో ఏదో కల్తీ సారా కాచుకుని తాగారు, నాలుక మొద్దుబారింది, కండ్లు పోయాయి, చచ్చారు. ఇద్దరూ ఒకేసారి పోతే ఇంకేమంటుంది ఊరు. మా అత్త మాత్రం సారా అనలేదు, దారం అంది. చచ్చేదాకా పంతొమ్మిదేళ్ళు అదే మాట అంది. "కట్టిన మూట విప్పినవ్. నా కొడుకును నువ్వు మింగినవ్." నేను ఊరుకునేదాన్ని. దారానికి మనిషిని చంపే శక్తి ఉంటుందా అని లోపల లోపల కోపం వచ్చేది. అత్తా, నువ్వు కారణం తప్పు చెప్పినా మనిషిని మాత్రం సరిగ్గానే పట్టుకున్నావు.

రెండేళ్ళకు గంభీరావుపేట నర్సయ్య సెలవు మీద వచ్చి మా ఇంటికి వచ్చాడు. ఆ గదిలో మూడో మనిషి. మెడలో తులసిమాల, నీచు ముట్టడు. అందుకే బతికాడు, ఆ సంగతి అతనికీ తెలియదు, నాకూ తెలియదు. గిన్నెలో నీళ్ళు ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకుని చెప్పాడు. "తెల్లారి రెప్పలు పడిపోయినయి వదినా. ఏళ్ళతోని పైకి లేపి చూసిండు అన్న. ఒక్క మనిషి ఇద్దరు కనవడుతున్నరన్నడు. మాట ముద్దముద్దయింది. నీళ్ళు తాపితె ముక్కుల నుంచి అచ్చినయి. చేతులు లేవలె. తెలివి మాత్రం ఉండె. ఆఖరిదాక నన్నే చూసిండు." తాగారా అని నేను అడగలేకపోయాను. అతనూ చెప్పలేదు. అతను లేని సమయంలో తాగారేమో అని అతనికీ అనుమానం ఉండి ఉంటుంది. నారాయణ అప్పుడు నా కొంగు పట్టుకుని ఉన్నాడు, ఆరేళ్ళవాడు. తాగి సచ్చినోని కొడుకు అని బడిలో ఎవడో అంటే వాడి పన్ను రాలగొట్టి వచ్చాడు. ఇప్పటికీ వాడు పెళ్ళిళ్ళలో కల్లు ముంత చేత్తో ముట్టడు. నాయనమ్మ తిట్టినా, తోటివాళ్ళు ఎగతాళి చేసినా ముట్టడు. అంత సిగ్గును వాడు ఒక్కడే మోశాడు.

నేను చదువు నేర్చుకుంది ఆ ఉత్తరం కోసం. బీడీల కార్ఖానా పక్కన సాయంత్రం బడి పెట్టినప్పుడు ముప్పై రెండేళ్ళ వయసులో పలక పట్టాను. మస్తు కుదిరింది అన్న రెండు మాటలు నా అంతట నేను చదివిన రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. తర్వాత ఆగలేదు. పొట్లం కాగితాలు, మందుల డబ్బాలోని చీటీలు, గ్రంథాలయంలో అట్ట చిరిగిన పుస్తకాలు, చివరికి మనవరాలి పాఠాలు. మనీషా, రంజిత్ చెల్లెలు, జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది, మైక్రోబయాలజీ. పోయిన దసరా సెలవులకు వచ్చి పుస్తకం మంచం మీద పడేసి పోతే తీశాను. ఆహారం ద్వారా సంక్రమించే వ్యాధులు అని పాఠం. కనురెప్పలు వాలిపోవడం. ఒక వస్తువు రెండుగా కనిపించడం. మాట ముద్దగా రావడం. మింగలేకపోవడం. స్పృహ చెడదు. చివరకు శ్వాస కండరాలు పనిచేయవు. నర్సయ్య మాటలు. గంభీరావుపేట నర్సయ్య మా ఇంటి గడపలో కూర్చుని చెప్పిన మాటలు, వరుస కూడా తప్పకుండా, అచ్చులో. కొన్నిసార్లు తాగినవారిలా కనిపిస్తారని కూడా ఉంది. కింద గళ్ళలో కారణాలు, ఇంట్లో గాలి చొరకుండా నిల్వచేసిన, పులుపు తక్కువగల మాంసం, కూరగాయలు, నూనెలో వెల్లుల్లి. నేను పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, ఇంకోలా ఉంటుందేమో అని మళ్ళీ చదివాను.

మనీషాను అడిగాను, ఊరికే తెలుసుకోవాలని అడిగినట్టు. "పరీక్ష నా బదులు నువ్వు రాయరాదు బాపమ్మా, నేను బీడీలు చుడ్త" అని నవ్వింది పిల్ల. కానీ చెప్పింది, నా పక్కన పడుకుని. ఆ బ్యాక్టీరియా లోపల ఒక జన్యువు ఉంటుందట, విషం ఎట్లా తయారుచేయాలో రాసిపెట్టిన రాత. అది ఒక్కటే ఉండదు, దాని పక్కన ఇంకొన్ని జన్యువులు వరుసగా ఉంటాయి, వాటి పని విషానికి కాపుకాయడం. "విషాన్ని ఉత్తగ పంపితే కడుపుల ఆమ్లానికి సగం ఆడనే పోతది బాపమ్మా. గందుకే చుట్టూ వేరే ప్రోటీన్లు చుడ్తయి, గుడ్డల చుట్టినట్టు." "అంటే పగలకుంట సర్దుతయా?" అన్నాను. "ఆ, ప్యాకింగే అనుకో." అప్పటినుంచి ఎవరు బ్యాగు సర్దుతున్నా నాకు అదే కనిపిస్తుంది. లుంగీలో చుట్టి, తువ్వాలలో చుట్టి, దూరం పోయేదాన్ని పోయేచోటికి క్షేమంగా చేర్చడం. మేము చేసేది అదే, ఆ బ్యాక్టీరియా చేసేది అదే. ఆ రాత కూడా ఒకచోట ఉండదట. కొన్నిట్లో అది పుట్టుకతో వచ్చిన అసలు రాతలో ఉంటుంది, కొన్నిట్లో ప్లాస్మిడ్ అని విడిగా తిరిగే చిన్న ఉంగరంలో, కొన్నిట్లో వైరస్ మోసుకొచ్చి పెడుతుంది. ఆ వైరస్ వదిలిపోతే విషం చేయడం దానికి రాదు, ఉత్త మట్టిపురుగు అయిపోతుంది. వదిలిపోతే మంచిది అయ్యేది కూడా ఒకటుంది లోకంలో. మాకు వచ్చింది మాత్రం వదలని రకం. మరి ఆ విషం మనిషిలో ఏం చేస్తుంది అని అడిగితే, నరం చివర సన్నటి సంచులు ఉంటాయంది, కదులు అనే కబురును కండరానికి చేర్చే సంచులు. ఆ సంచి నోరు తెరుచుకోవడానికి పట్టుకునే తాడును విషం పోయి తెంపుతుంది. కబురు సంచిలోనే ఉండిపోతుంది. నరం పిలుస్తూనే ఉంటుంది, కండరం వినదు. మనిషి రెప్పకు లే అని చెబుతాడు, లేవదు. నాలుకకు తిరుగు అని చెబుతాడు, తిరగదు. మంచం మీద పడి లోపలినుంచి కేకలు పెట్టినా పెదవి కదలదు. ఆఖరిదాకా చూశాడు అన్నాడు నర్సయ్య. ఏం చెప్పాలనుకుని చూశాడు? ఆ కబురు ఏ సంచిలో ఆగిపోయింది? దానికి వాసన ఉండదు, రుచి ఉండదు. మస్తు కుదిరింది. పావుగంట ఉడకబెట్టి తింటే ఆ విషం విరిగిపోయేది, సిద్ధబీజం చావకపోయినా విషం చచ్చేది. సలసల కాగనిస్తే చాలు. తొక్కును ఎవరు ఉడకబెడతారు? రొట్టె మీద వేసుకుని తింటారు, పండగ పూట.

రుజువు లేదు. నాకు తెలుసు, రుజువు లేదు. నలభై ఏళ్ళు అయింది, సీసా లేదు, శవం రాలేదు. సారానే తాగారేమో. ఈ భాగ్య సీసాలో ఏమీ లేకపోవచ్చు, వందకు తొంభై తొమ్మిది ఏమీ ఉండదు, ఎంతమంది పెట్టి పంపలేదు, ఎంతమంది తిని బతకలేదు, పాడైతే మూత ఉబ్బుతుందంటారు, ఒక్కోసారి ఉబ్బదు కూడా అంటారు. ఆ ఒక్కటి నా ఇంటికే రావాలని ఏముంది. ఒకసారి వచ్చింది. ఒకసారి వచ్చిన ఇంటి దారి దానికి తెలిసి ఉంటుంది అని నా మనసుకు ఎవరు చెప్పారు, బ్యాక్టీరియాకు దారులు తెలియవు, పగలు ఉండవు, నేను చదివాను గదా. చదివినదేదీ భయం ముందు నిలబడదు. ఫోను తీసి మనీషాకు చేశాను. పిల్లే చెబితే, అన్నా ఆ సీసా వద్దు అని నవ్వుతూ ఒక్క మాట అంటే, పాతదేదీ తవ్వకుండా అయిపోతుంది. స్విచ్ ఆఫ్. ఇవాళ పరీక్ష, పది నుంచి ఒంటిగంట. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే ఆడగొంతు, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

రంజిత్ స్నానం చేసి వచ్చాడు, తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏంది బాపమ్మా, గిట్ల గుడ్లు మిటకరిస్తున్నవ్? నేను పోయేది కువైటే, చంద్రునికి గాదు."

"గా తొక్కు అక్కడ దొరకదారా?" అన్నాను.

"దొరుకుతది, అమ్మ చేతిది దొరకదు గద. అక్కడి రొట్టె అట్టలెక్క ఉంటదట. తొక్కు లేకుంట గొంతుల దిగుతదా? మా రూముల ఆరుగురం. తీసుకరా అని ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టిండ్రు."

ఆరుగురు. నా చాట ఒళ్ళోంచి జారింది. ఆకులు చెల్లాచెదురయ్యాయి. ఆరు మంచాలు, ఆరు బ్యాగులు, ఆరు ఇళ్ళలో ఆరుగురు తల్లులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పోస్టుమాన్. పదీ ముప్పై. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు. ఆకులు ఏరుతూ మాట వెతుక్కుంటున్నాను, ఏ మాట ముందు, సీసా ముందా, మీ బాపు ముందా. నారాయణ లోపలికి వచ్చాడు, బ్యాగు జిప్పు లాగాడు, కొక్కేనికి తగిలించి తూచి తల ఊపాడు, దేవుని గూట్లోంచి పసుపు దారం తెచ్చాడు. ఆగు అనలేదు నేను. ఆగు అనడానికి రెండక్షరాలు. లోపల అరుస్తున్నాను, పెదవి కదలడంలేదు, ఆయనకు కూడా ఇట్లాగే ఉండిందా, ఇట్లా లోపలినుంచి తలుపు తడుతూ. జిప్పు రెండు కొసలనూ కలిపి మూడు ముళ్ళు వేశాడు నా కొడుకు. భాగ్య కుంకుమ పెట్టింది. ఇక విప్పకూడదు. ఈ ఇంట్లో ఎవరూ విప్పరు, నా వల్లే విప్పరు. వీధి మలుపులో కారు హారన్ మోగింది, పావుగంట ముందే.

నేను ఎట్లా లేచానో తెలియదు. మోకాళ్ళు నొప్పి అని నెలనుంచి మూలుగుతున్నదాన్ని. చేతిలో బీడీ కత్తెర ఉంది, మొనకు నా నెత్తురు ఎండి ఉంది. రంజిత్ బ్యాగు భుజానికెత్తబోతుంటే పట్టుకుని దారం కత్తిరించాను. టప్ మని తెగింది.

"అత్తమ్మా!" భాగ్య కేక పెట్టింది. "కట్టింది తెంపుతవా? పోయేటోని ముంగట తెంపుతవా? మామ ముచ్చట మర్సినవా నువ్వు?"

"మర్వలె బిడ్డా. గందుకే తెంపుతున్న."

లుంగీలు లాగి పడేశాను, తువ్వాల విప్పాను, సీసా చల్లగా చేతికి తగిలింది. "గిది పోవద్దు. గిది తినొద్దు. పులుపు లేని తొక్కు గిట్ల మూసిపెడ్తె విషమైతది. నేను చదివిన."

"చదివిందట!" భాగ్య నా చేతిలోంచి సీసా గుంజుకుంది, ఏడుస్తూ, కోపంతో. "నా చేతి తొక్కు విషమా? నా కొడుక్కు నేను విషం పెడుతున్ననా?" టేపు పీకింది, మైనం గోళ్ళతో గీకింది, మూత తిప్పింది. ఎల్లిగడ్డ, కారం, వేగిన మాంసం, ఇల్లంతా కమ్మటి వాసన. "సూడు! వాసన సూడు! పాడైన తొక్కు గిట్లుంటదా? నేనే తింట, ఏమైతదో సూద్దాం." వేలు ముంచింది. ఎర్రటి నూనె చారలుగా వేలి మీదినుంచి జారుతోంది, వేలు నోటి దగ్గరికి పోతోంది.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఈ చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలియదు. "దానికి వాసన ఉండదు బిడ్డా. మీ మామ గిట్లనే మూత తీసి మస్తు కుదిరిందని ఉత్తరం రాసిండు. తెల్లారి రెప్పలు పడిపోయినయి. నా తొక్కు తిని పోయిండు. ఆయనా, ఆయన దోస్తు సిరిసిల్ల చంద్రమౌళి. నేను పులుపు ఎయ్యలె. మైనం పోసి మూసిన. నాకు ఏడాదిసంది తెలుసు."

భాగ్య చెయ్యి నా చేతిలో మెత్తబడింది. రంజిత్ సీసా అందుకుని కింద పెట్టాడు, తల్లి వేలు తన తువ్వాలతో తుడిచి సబ్బు తెమ్మన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. నేను నారాయణ వైపు చూడలేకపోయాను. నేల మీద తెగిన దారం చూస్తున్నాను. ఇప్పుడు అంటాడు. మా అత్త అన్న మాటే అంటాడు, వాడికి హక్కుంది. బయట డ్రైవర్ మళ్ళీ హారన్ కొట్టాడు. నా కొడుకు గోడకు ఒరిగాడు, నలభై నాలుగేళ్ళ మనిషి, గడ్డం నెరిసింది.

"అయితె బాపు తాగలేదు" అన్నాడు.

"తాగలే బిడ్డా."

"ఒక్క సుక్క సుత?"

"రుజువు అడిగితె లేదు నా దగ్గర. గా రోగానికి తాగినోని లెక్కనే ఉంటదని పుస్తకంల ఉన్నది."

వాడు తెల్ల తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు కదిలాయి, అంతే. కోపమో, ఏమో, నాకు తెలియదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. భాగ్య కొత్త దారం తెచ్చి కట్టబోయి, ముడి పడక ఏడ్చింది. రంజిత్ ఆ దారం తీసుకుని తన చేతికి చుట్టుకున్నాడు. "జిప్పు మంచిగుంటె సాలు అమ్మా. పా, విమానం దారం సూసి ఎక్కనియ్యరు, టికెట్ సూసి ఎక్కనిస్తరు." ఎవరూ నవ్వలేదు. వాడికి ఏమన్నా అయితే, జ్వరం వచ్చినా, కాలు బెణికినా, ఈ కోడలు నన్నే చూస్తుంది. బాపమ్మ దారం తెంపింది అని. చూడనీ. పంతొమ్మిదేళ్ళు మోశాను, ఇంకెన్నేళ్ళు ఉంటాను. సీసాను కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెలో వేసి అరగంట కాగబెట్టి పెంట మీద పొయ్యకుండా లోతుగా పూడ్చమని కేకలు విని వచ్చిన పక్కింటామెకు చెప్పాను, మూడుసార్లు చెప్పాను, చేతులు కడుక్కో అని నాలుగోసారి చెప్పాను. మట్టిలోకే పోతుంది. మట్టిలోనే ఉంటుంది. మళ్ళీ ఎవరి మూతకో మైనం పోసేదాకా.

కారులో నారాయణ ముందు కూర్చున్నాడు, రంజిత్‌ను విమానం దాకా దింపి రావాలి. తలుపు వెయ్యబోయి నా వైపు తిరిగాడు. "సిరిసిల్ల కాడ ఆగాల్నా అవ్వా?"

రాధమ్మ. చంద్రమౌళి భార్య. ఒక్కసారే చూశాను, ఆ ఏడు కార్తీకంలో, మగ్గాల చప్పుడులో ఆమె మాటలు సగమే వినిపించాయి. "మా ఆయన సుక్క ముట్టడు అక్కా, ఎవ్వలూ నమ్ముతలేరు" అంది. నేను కూడా నమ్మలేదు. ఆ వీధిలోనే ఉందట ఇప్పటికీ, కొడుకు దగ్గర. నలభై ఏళ్ళు తాగుబోతు పెండ్లాం అనిపించుకుంది. నేను చెబితే ఏం చేస్తుంది, నన్ను కొడుతుందా, తలుపు వేస్తుందా, మంచి చెయ్యి అన్న చెయ్యి మీద ఉమ్మేస్తుందా. చెప్పులు వెతుక్కున్నాను, ఒకటే దొరికింది, రెండోది భాగ్య తెచ్చి కాళ్ళ దగ్గర పడేసింది, నా ముఖం చూడకుండా. నేను వెనుక సీటులో మనవడి పక్కన ఎక్కి కూర్చున్నాను, చేతిలో ఏ సంచీ లేకుండా. కారు కదిలింది. వేములవాడ దాకా మాటలు పేర్చుకున్నాను, పురుగు పేరు, జన్యువు, మైనం, నా అజ్ఞానం, ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను, బరువెక్కువైన బ్యాగులోంచి తీసినట్టు. సిరిసిల్ల దగ్గరికి వచ్చేసరికి రాధమ్మకు చెప్పాల్సింది ఇంతే మిగిలింది. మస్కట్‌లో, దసరా నాడు, నేను పెట్టిన తొక్కు ఇద్దరూ తిన్నారు. గంగారాం పందొమ్మిది వందల ఎనభై నాలుగు అక్టోబరు ఏడు, ఆదివారం చనిపోయాడు. చంద్రమౌళి తొమ్మిది, మంగళవారం చనిపోయాడు. ఇద్దరూ తాగలేదు. ఇద్దరూ తిరిగి రాలేదు.